కోడ్ బహిరంగమైతే మన వివరాలూ బహిరంగమేనా?

తిరుపతిలో ఉండే మనిషికి సాఫ్ట్‌వేర్‌తో పని పడని రోజు ఇప్పుడు దాదాపు లేదు. కరెంటు బిల్లు కట్టడానికి వాట్సాప్‌లో రాష్ట్ర ప్రభుత్వ సేవ 'మన మిత్ర' ఉంది. కొండమీద గది కావాలంటే కౌంటరు దగ్గర కెమెరాకు ముఖం చూపించే పద్ధతి వచ్చింది. సిగ్నల్ దగ్గర బండి ఆపితే తలెత్తిన చోట సీసీ కెమెరా కనిపిస్తుంది. జేబులో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్ అడుగున లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం నడుస్తోంది. ప్రపంచవ్యాప్తంగా ఇలాంటి సేవలు నడిపే సర్వర్లలోనూ ఎక్కువ భాగం లైనక్స్, దానితోపాటు వచ్చే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరే.

దీని చుట్టూ రెండు సందేహాలు తరచూ వినిపిస్తాయి. ఓపెన్ సోర్స్ అంటే ఎవరైనా చూడగలిగేది కదా, అలాంటప్పుడు మన వివరాలు కూడా ఎవరైనా చూసేస్తారా అన్నది మొదటిది. కెమెరాల కోడ్ చూపించమని, హ్యాకింగ్ జరిగితే ఆరు గంటల్లో చెప్పమని ప్రభుత్వం అడుగుతోందంటే అది భద్రత కోసమా, నిఘా కోసమా అన్నది రెండోది. లైసెన్సు, భద్రత, గోప్యత అనే మూడు వేరువేరు విషయాలు కలిసిపోవడం వల్ల వచ్చిన అయోమయం ఇది. వాటిని విడదీసి చూస్తే చాలావరకు తేటపడుతుంది.

సంక్షిప్తంగా

లైసెన్సు మాట్లాడేది కోడ్ మీద హక్కుల గురించి మాత్రమే, డేటా దాని పరిధిలో లేదు. కోడ్ బహిరంగంగా ఉంటే తనిఖీకి వీలు కలుగుతుంది గానీ తనిఖీ దానంతట అది జరిగిపోదు. ప్రభుత్వం సాఫ్ట్‌వేర్‌ను కాపాడుతుంది, వాడుకుంటుంది, దాని ద్వారా నిఘా కూడా పెడుతుంది. లోపం దొరికినప్పుడు దాన్ని ఎవరికి చెబుతుందన్న దగ్గరే ఈ పాత్రల మధ్య తేడా బయటపడుతుంది. ఇక గోప్యత చాలావరకు సర్వర్ వైపు తేలే విషయం.

దిట్టం ఇవ్వడం అంటే

శ్రీవారి లడ్డూకు దిట్టం ఉంది. ఎంత శనగపిండికి ఎంత చక్కెర, ఎంత నెయ్యి, ఎంత జీడిపప్పు, ఎన్ని యాలకులు అన్న లెక్క అది. సాఫ్ట్‌వేర్‌కు అలాంటి దిట్టమే సోర్స్ కోడ్. మనం ఫోన్‌లో వేసుకునే యాప్, పోటులో, అంటే లడ్డూలు చేసే వంటశాలలో, తయారై చేతికొచ్చిన లడ్డూ లాంటిది. తిన్నంత మాత్రాన లెక్క తెలిసిపోదు. చాలా కంపెనీలు తయారైన సరుకు అమ్మి లెక్క తమ దగ్గరే ఉంచుకుంటాయి. ఓపెన్ సోర్స్‌లో లెక్క కూడా చేతికిస్తారు.

ఇచ్చేటప్పుడు పెట్టే షరతులే లైసెన్సు. దాని బలమంతా కాపీరైట్ నుంచి వస్తుంది. మన 1957 నాటి కాపీరైట్ చట్టం తర్వాతి సవరణలతో కంప్యూటర్ ప్రోగ్రామును సాహిత్య రచనల కోవలో చేర్చింది కాబట్టి, రాసినవారి అనుమతి లేకుండా దాన్ని కాపీ చేసి పంచడానికి లేదు. లైసెన్సు ఆ అనుమతి పత్రం. ఓపెన్ సోర్స్ అంటే యజమాని లేని సొత్తు అన్న అభిప్రాయం ఇక్కడే తప్పుతుంది.

షరతుల్లో రెండు పెద్ద దారులున్నాయి. ఎంఐటీ, బీఎస్‌డీ, అపాచీ లాంటి లైసెన్సులు ఉదారమైనవి. రాసినవారి పేరు, కాపీరైట్ ప్రకటన, లైసెన్సు పాఠం ఉంచితే దాదాపు చాలు, కోడ్‌ను మార్చి మూసేసి అమ్ముకున్నా అడ్డు చెప్పవు. జీపీఎల్ దారి వేరు. రిచర్డ్ స్టాల్‌మన్ 1989లో తెచ్చిన ఈ లైసెన్సు ప్రకారం, కోడ్‌ను మార్చి ఇతరులకు పంచితే ఆ మార్పుల కోడ్ కూడా అదే షరతుతో ఇవ్వాలి. లైనక్స్ కెర్నల్‌కు, అంటే దాని మూల భాగానికి, వర్తించేది దీని రెండో వెర్షన్, 1991 నాటిది. ఒక కంపెనీ కెర్నల్‌ను తనకు కావలసినట్టు మార్చి ఫోన్‌లోనో టీవీలోనో పెట్టి అమ్మిందంటే, ఆ కెర్నల్ కోడ్‌ను కొన్నవారికి అందుబాటులో ఉంచాల్సిన బాధ్యత దాని మీద పడుతుంది. శ్రీసిటీలో ఫోన్లు, రేణిగుంట వైపు టీవీలు తయారైన జిల్లా ఇది. ఈ షరతు ఇక్కడికి దూరపు విషయమేమీ కాదు.

పేరు సంగతి మళ్లీ వేరు. తిరుపతి లడ్డూకు 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దిట్టం తెలిసిన మరొకరు అదే రుచితో చేసినా ఆ పేరుతో అమ్మలేరు. సాఫ్ట్‌వేర్‌లోనూ అంతే. ఫైర్‌ఫాక్స్ కోడ్ అందరికీ అందుబాటులో ఉన్నా ఆ పేరు, బొమ్మ మొజిల్లావి. వాటి వాడకంపై 2006లో తేడా వచ్చి, లైనక్స్‌ను కూర్చి పంచే డెబియన్ బృందం తమ పంపిణీలో అదే బ్రౌజర్‌ను ఐస్‌వీజల్ అని పేరు మార్చి చాలా ఏళ్లు ఇచ్చింది. ప్రభుత్వ సైట్ల రూపంలో నకిలీ సైట్లు పుట్టే చోట ఈ తేడా గుర్తుంచుకోవాలి. కోడ్ అసలుదే కావచ్చు, నడిపేవాడు నకిలీ కావచ్చు.

ఇటీవలి ఏళ్లలో ఇంకో మార్పు వచ్చింది. పెద్ద క్లౌడ్ కంపెనీలు తమ సాఫ్ట్‌వేర్‌ను తీసుకుని అద్దెకిచ్చి సంపాదిస్తున్నాయి, తిరిగి ఏమీ ఇవ్వడం లేదని కొన్ని సాఫ్ట్‌వేర్ కంపెనీలు, మొంగోడీబీ 2018లో, ఎలాస్టిక్ 2021లో, హాషీకార్ప్ 2023లో, రెడిస్ 2024లో లైసెన్సులు బిగించాయి. వాటిలో ఎలాస్టిక్, రెడిస్ తర్వాత మళ్లీ ఓపెన్ సోర్స్ లైసెన్సు కూడా ఇచ్చాయి. ఈలోగా పాత కోడ్‌ను పట్టుకుని ఓపెన్‌టోఫు, వాల్కీ లాంటి కొత్త శాఖలు పుట్టాయి. ఇచ్చిన పాత అనుమతిని వెనక్కి లాక్కోవడానికి వీలు లేకపోవడమే ఈ శాఖలకు ఊపిరి.

చూడొచ్చు సరే, చూసిందెవరు?

కోడ్ అందరి ముందూ ఉంటే లోపాలు దాగవన్నది ఓపెన్ సోర్స్ సమర్థకుల పాత వాదన. అందులో నిజముంది. అయితే అది పూర్తి నిజం కాదని 2014 ఏప్రిల్‌లో హార్ట్‌బ్లీడ్ చూపించింది. వెబ్‌సైట్ చిరునామా పక్కన తాళం గుర్తు రావడానికి వాడే ఓపెన్ఎస్ఎస్ఎల్‌లో దొరికిన లోపం అది. అవతలి సర్వర్‌ను "ఉన్నావా" అని పలకరించే చిన్న సందేశంలో పొడవు తప్పుగా చెబితే, సర్వర్ తన మెమరీలోంచి 64 కిలోబైట్ల దాకా తీసి పంపేది. అందులో పాస్‌వర్డ్‌లు ఉండొచ్చు, రహస్య తాళాలూ ఉండొచ్చు. ఆ కోడ్ రెండేళ్లపాటు అందరి కళ్ల ముందే ఉంది. ప్రపంచ బ్యాంకింగ్ నడుస్తున్న ఆ ప్రాజెక్టుకు అప్పట్లో ఏడాదికి వచ్చే విరాళాలు దాదాపు 2,000 డాలర్లు.

2024 మార్చిలో బయటపడిన ఎక్స్‌జెడ్ ఉదంతం ఇంకా లోతైనది. ఫైళ్లను కుదించే ఒక చిన్న ఉపకరణం అది. దాదాపు ఒక్కడే నిర్వహిస్తూ అలసిపోయిన స్థితిలో 'జియా టాన్' అనే మారుపేరుతో ఎవరో సాయానికి వచ్చారు. రెండేళ్లకు పైగా మంచి పని చేసి నమ్మకం సంపాదించి, విడుదల చేసే అధికారం చేతికొచ్చాక దొంగదారి పెట్టారు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరుకు, సర్వర్‌లోకి లాగిన్ కావడానికి మామూలుకన్నా అర సెకను ఎక్కువ ఎందుకు పడుతోందని అనుమానం వచ్చింది. తవ్వితే విషయం తేలింది. అప్పటికి ఆ వెర్షన్లు ప్రధానంగా ప్రయోగదశలోని లైనక్స్ పంపిణీలకే చేరాయి కాబట్టి పెద్ద ప్రమాదం తప్పింది.

ఈ ఉదంతంలో గమనించాల్సిన ముఖ్యమైన వివరం ఒకటుంది. దొంగదారిని పనిచేయించే కీలకమైన ముక్క, అందరూ చూసే కోడ్ భండారంలో లేదు. విడుదల చేసిన కట్టలో మాత్రమే ఉంది. దిట్టంలో లేనిది పోటులోకి వచ్చిందన్నమాట. 2024లో లడ్డూ నెయ్యిపై రేగిన వివాదం కూడా దిట్టం గురించి కాదు, సరఫరా అయిన నెయ్యి గురించి. లెక్క సరిగ్గా ఉన్నంత మాత్రాన సరుకు సరిగ్గా ఉన్నట్టు కాదు. అందుకే ఇప్పుడు బహిరంగ కోడ్ నుంచి ఎవరు తయారుచేసినా అక్షరం తేడా లేకుండా అదే ఫైలు రావాలన్న పద్ధతి మీద, సాఫ్ట్‌వేర్‌లో ఏయే భాగాలు ఎక్కడినుంచి తెచ్చారో చెప్పే జాబితాల మీద పట్టుదల పెరిగింది. అమెరికా 2021లో అధ్యక్షుడి ఉత్తర్వుతో ఈ జాబితాలను ముందుకు తెచ్చింది. మన కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2024లో వీటిపై మార్గదర్శకాలు ఇచ్చింది.

ఒకే సంస్థ, రెండు పనులు

ప్రభుత్వం చేయి పడిన సాఫ్ట్‌వేర్ అనగానే అనుమానించాలా? అమెరికా నిఘా సంస్థ ఎన్ఎస్ఏ చేసిన రెండు పనులను పక్కపక్కన పెడితే జవాబు దొరుకుతుంది.

మొదటిది ఎస్ఈలైనక్స్. ఒక ప్రోగ్రాము హ్యాకర్ చేతిలో పడినా మిగతా వ్యవస్థ జోలికి పోకుండా కట్టడి చేసే ఏర్పాటు ఇది. ఎన్ఎస్ఏ దీన్ని 2000 డిసెంబరులో జీపీఎల్ కింద బయటపెట్టింది. లైనక్స్ కెర్నల్ రాసేవారు ఏళ్లపాటు చర్చించి, మార్పించి తీసుకున్నారు. ఆండ్రాయిడ్ 5.0 నుంచి ఇది పూర్తిగా అమల్లో ఉంది. అంటే చిత్తూరు సంతలో టమాటా అమ్మే రైతు ఫోన్‌లో కూడా నిఘా సంస్థ మొదలుపెట్టిన కోడ్ నడుస్తోంది, అతని ఫోన్‌ను కాపాడుతోంది.

రెండోది డ్యూయల్ ఈసీ. రహస్య తాళాలు తయారు చేయడానికి ఊహకందని సంఖ్యలు కావాలి. వాటిని పుట్టించే ఈ పద్ధతిని 2006లో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ ఆమోదించింది. లెక్కంతా బహిరంగమే. కానీ అందులో వాడిన రెండు స్థిరాంకాలు ఎక్కడినుంచి వచ్చాయో ఎవరూ వివరించలేదు. వాటి మధ్య రహస్య సంబంధం తెలిసినవారికి రాబోయే సంఖ్యలన్నీ ముందే తెలిసిపోతాయని 2007లోనే ఇద్దరు పరిశోధకులు ఎత్తిచూపారు. 2013లో ఎన్ఎస్ఏ రహస్యాలు బయటపెట్టిన స్నోడెన్ పత్రాల ఆధారంగా వచ్చిన వార్తలు ఆ అనుమానాన్ని గట్టిపరిచాయి. 2014లో నిస్ట్ దాన్ని ప్రమాణంలోంచి తీసేసింది.

రెండూ ఒకే సంస్థవి. మొదటిదాన్ని బయటివారు ప్రతి వరుసా అడిగి తెలుసుకోగలిగారు. రెండోదాంట్లో అడిగిన ప్రశ్నకు జవాబు రాలేదు. కోడ్ ఎవరు రాశారన్న దానికన్నా, అడిగినప్పుడు వివరణ దొరుకుతుందా అన్నదే నమ్మకానికి మంచి కొలబద్ద.

ఈ విషయం ఇక్కడి పోలీసు స్టేషన్ల దాకా వచ్చిన సందర్భం కూడా ఉంది. 2017 మే 12న వన్నాక్రై వైరస్ ప్రపంచమంతా పాకింది. ఫైళ్లకు తాళం వేసి, 300 డాలర్లు బిట్‌కాయిన్‌లో కడితే తీస్తామని తెరమీద చూపించేది. 150కి పైగా దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు దెబ్బతిన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల పోలీసు కంప్యూటర్లకు అది సోకినట్టు అప్పట్లో వార్తలొచ్చాయి. తిరుపతి అప్పటికి చిత్తూరు జిల్లాలోనే ఉంది.

ఆ వైరస్ వాడుకున్న దారి విండోస్‌లోని ఒక లోపం. విండోస్ ఓపెన్ సోర్స్ కాదు. ఆ లోపాన్ని ఎన్ఎస్ఏ ఏళ్ల తరబడి తెలిసి కూడా మైక్రోసాఫ్ట్‌కు చెప్పకుండా తన ఆయుధంగా దాచుకుంది. అది చేజారి 2017 ఏప్రిల్‌లో ఇంటర్నెట్‌లో బయటపడింది. మార్చిలోనే లోపాన్ని సరిచేసే ప్యాచ్ వచ్చినా వేసుకోని కంప్యూటర్లు, మద్దతు ఆగిపోయిన పాత విండోస్‌లు బలయ్యాయి. శత్రువు మీద వాడదామని ఒక ప్రభుత్వం దాచుకున్న తాళంచెవి, ఆ గొడవతో ఏ సంబంధమూ లేని చోట ఫిర్యాదుల ఫైళ్లకు తాళం పడటానికి కారణమైంది. ఆ ఏడాది నవంబరులో అమెరికా, దొరికిన లోపాన్ని చెప్పాలా దాచాలా అని తేల్చే తన విధానపత్రాన్ని ప్రచురించింది.

ప్రభుత్వం కోడ్ అడిగితే

మన దేశంలో ఇప్పుడు కదలిక ఎక్కువగా ఉన్నది ఇక్కడే. 2015లోనే కేంద్రం ప్రభుత్వ కార్యాలయాలు ఓపెన్ సోర్స్‌కు ప్రాధాన్యం ఇవ్వాలని, కాదంటే కారణం చెప్పాలని విధానం తెచ్చింది. 2025 ఏప్రిల్ నుంచి సీసీ కెమెరాల తయారీదారులు తమ పరికరాలను, సాఫ్ట్‌వేర్‌ను, సోర్స్ కోడ్‌ను ప్రభుత్వ గుర్తింపు ఉన్న ల్యాబుల్లో పరీక్షకు పెట్టాలన్న నిబంధన అమల్లోకి వచ్చింది. కెమెరాలోని దృశ్యం ఇంకెక్కడికైనా వెళ్తోందా, పాస్‌వర్డ్ అందరికీ ఒకటేనా లాంటివి తేల్చడానికి ఇది ఉపయోగపడుతుంది. రోజూ వేలమంది యాత్రికులు దిగే ఊరికి ఇది అవసరమైన తనిఖీ.

దీన్ని ఓపెన్ సోర్స్‌తో పోల్చుకోవద్దు. ఓపెన్ సోర్స్‌లో కోడ్ అందరికీ కనిపిస్తుంది. ఇక్కడ ల్యాబుకు మాత్రమే కనిపిస్తుంది. ల్యాబులో లోపం దొరికితే అది తయారీదారుకు, ప్రజలకు చేరాలి. సెర్ట్-ఇన్‌కు 2021 నుంచి లోపాలకు అంతర్జాతీయ గుర్తింపు సంఖ్యలు ఇచ్చే హోదా ఉంది కాబట్టి ప్రకటించే మార్గం సిద్ధంగానే ఉంది. ఆ మార్గం ఎంత వాడితే అంత నమ్మకం.

సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశాల్లో భద్రత, నిఘా రెండూ ఒకే కాగితం మీద కనిపిస్తాయి. హ్యాకింగ్ గమనించిన ఆరు గంటల్లో తెలియజేయాలి, లాగ్‌లు (వ్యవస్థలో ఏం జరిగిందో రాసుకునే నమోదులు) 180 రోజులు ఉంచాలి అనేవి భద్రతకు సంబంధించినవి. ఇంటర్నెట్‌లో మన ఆచూకీ కనిపించకుండా చూసే వీపీఎన్ సేవలిచ్చేవారు వాడుకరుల పేర్లు, చిరునామాలు ఐదేళ్లు దాచాలన్నది మాత్రం గోప్యతనే తగ్గిస్తుంది. కొన్ని వీపీఎన్ కంపెనీలు ఆ ఏడాదే తమ సర్వర్లను భారత్ నుంచి తీసేశాయి. దాచిన ప్రతి జాబితా దొంగకు కూడా పనికొస్తుందన్నది ఇక్కడ మరిచిపోకూడని విషయం.

నోటీసు ఇవ్వడానికి ప్రభుత్వానికి కంపెనీ దొరికినంత తేలిగ్గా ఓపెన్ సోర్స్ కోడ్ రాసేవారు దొరకరు. 2023 మేలో కేంద్రం 14 మెసేజింగ్ యాప్‌లను నిలిపివేసినప్పుడు ఓపెన్ సోర్స్ యాప్‌లు ఎలిమెంట్, బ్రయర్ కూడా ఆ జాబితాలో చేరాయి. నోటీసు ఇవ్వడానికి ఇక్కడ ప్రతినిధి లేకపోవడం ఒక కారణంగా వార్తల్లోకి వచ్చింది. ఇంటర్నెట్ లేకపోయినా బ్లూటూత్ మీద నడిచే బ్రయర్, కంపెనీ కాని ఒక ప్రాజెక్టు రాసేది. లైసెన్సుకూ చట్టానికీ మధ్య ఒరిపిడి ఇంకోచోటా బయటపడింది. మనిషిని బట్టి వివక్ష చూపకూడదన్నది ఓపెన్ సోర్స్ నిర్వచనంలో ఒక నియమం. అయినా 2024 అక్టోబరులో ఆంక్షల చట్టాల కారణంగా రష్యాకు చెందిన పలువురిని లైనక్స్ నిర్వాహకుల జాబితా నుంచి తొలగించారు. కోడ్ వాడుకునే హక్కు వారికి పోలేదు, నిర్వహించే స్థానం పోయింది.

సర్వర్ అవతల

మొదటి సందేహానికి జవాబు ఇక్కడుంది. జీపీఎల్ షరతు కోడ్‌ను పంచినప్పుడే వర్తిస్తుంది. సర్వర్‌లో నడిచే ప్రోగ్రామును ఎవరికీ పంచరు, దాని ఫలితాన్ని మాత్రమే చూపిస్తారు. కాబట్టి ఎంత మార్చుకున్నా కోడ్ చూపించక్కర్లేదు. ఈ సందును పూడ్చడానికి ఏజీపీఎల్ అనే లైసెన్సు వచ్చింది. నెట్‌వర్క్ ద్వారా వాడేవారికి కూడా కోడ్ ఇవ్వాలంటుందది. అదైనా ఇచ్చేది కోడ్‌నే. అందులో పడిన ఆధార్ నంబరు, ముఖం ఫొటో, ఫోన్ నంబరు లైసెన్సుకు సంబంధం లేనివి. వాటిని బహిరంగపరచమని ఏ లైసెన్సూ అడగదు, కాపాడమనీ అడగదు.

ఆరోగ్య సేతు దీనికి మంచి ఉదాహరణ. 2020 ఏప్రిల్‌లో వచ్చిన ఆ యాప్ ఆండ్రాయిడ్ కోడ్‌ను మే 26న అపాచీ లైసెన్సు కింద బయటపెట్టారు. ఫోన్‌లో ఏం జరుగుతోందో అప్పుడు చూడగలిగారు. ఫోన్ నుంచి వెళ్లిన సమాచారంతో సర్వర్ ఏం చేస్తుందో ఆ కోడ్‌లో లేదు.

2025 జనవరి 30న 161 సేవలతో మొదలైన మన మిత్రను కూడా ఇలాగే చూడాలి. వాట్సాప్ సందేశాలకు తాళం వేసే 'సిగ్నల్' అనే పద్ధతి బహిరంగమైనది, నిపుణులు పరిశీలించినది. కానీ ఆ తాళం పంపినవారికీ అందుకున్నవారికీ మధ్య దారిలో మాత్రమే. ఇక్కడ అందుకునేది స్నేహితుడు కాదు, ప్రభుత్వ సేవ తాలూకు సర్వర్. అక్కడికి చేరాక తాళం తీసే తీరాలి, లేకపోతే పని జరగదు. ఆ తర్వాత కాపలా కాయాల్సింది చట్టం, ఆఫీసు క్రమశిక్షణ.

తిరుమలలో 2023 మార్చి 1 నుంచి ముఖ గుర్తింపును ప్రయోగాత్మకంగా ప్రవేశపెట్టారు. దళారులు ఒకే మనిషి పేరు మీద పదేపదే గదులు, టోకెన్లు పొందకుండా చూడటం దాని ఉద్దేశం. ప్రయోజనం స్పష్టంగానే ఉంది. దళారుల బాధ పడినవారెవరూ కాదనరు. అయితే పాస్‌వర్డ్ పోతే మార్చుకోవచ్చు, ముఖం మార్చుకోలేం. కాబట్టి ఆ ఫొటో ఎన్ని రోజులు ఉంటుంది, గది ఖాళీ చేశాక చెరిపేస్తారా, ఇంకే పనికైనా వాడతారా అన్నవి కోడ్ లైసెన్సుకన్నా ముందు అడగాల్సిన ప్రశ్నలు. బస్టాండు దగ్గర లాడ్జీలో ఇచ్చే ఆధార్ జిరాక్సుకూ ఇవే ప్రశ్నలు వర్తిస్తాయి.

దగ్గర పడుతున్న గడువులు

గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం తేల్చింది. దానికి చట్టరూపం 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టంగా వచ్చింది. నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ప్రధాన బాధ్యతలకు 18 నెలల గడువు ఇచ్చారు కాబట్టి 2027 మే నాటికి అవి పూర్తిగా అమల్లోకి రావాలి. భద్రతా జాగ్రత్తలు తీసుకోకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉంది. అదే చట్టంలోని 17వ సెక్షన్, దేశభద్రత, శాంతిభద్రతల వంటి కారణాలతో కేంద్రం ప్రకటించిన ప్రభుత్వ విభాగాలకు మినహాయింపు ఇస్తుంది. ఈ మినహాయింపు ఎంత విస్తారంగా వాడతారన్నదే ఈ చట్టం బలాన్ని నిర్ణయిస్తుంది.

యూరప్ మరో దారి పట్టింది. అక్కడి సైబర్ రెజిలియెన్స్ చట్టం ప్రకారం డిజిటల్ ఉత్పత్తులు అమ్మేవారు, దుర్వినియోగమవుతున్న లోపాలను 2026 సెప్టెంబరు 11 నుంచి తెలియజేయాలి. మిగతా బాధ్యతలు 2027 డిసెంబరులో వస్తాయి. ఉచితంగా కోడ్ రాసే స్వచ్ఛంద కార్యకర్తల మీద భారం వేయకుండా, ఆ ప్రాజెక్టులను నిలబెట్టే సంస్థలకు తేలికపాటి బాధ్యతలతో వేరే వర్గం సృష్టించారు. జర్మనీ 2022 నుంచి ప్రజాధనంతో ఓపెన్ సోర్స్ నిర్వహణకు నిధులిస్తోంది. ఎక్స్‌జెడ్‌ను ఒంటరిగా మోసి అలసిన నిర్వాహకుణ్ని గుర్తు చేసుకుంటే, ప్రభుత్వాలు చేయగల పనుల్లో అన్నిటికన్నా సూటిగా ఫలితమిచ్చేది ఇదేననిపిస్తుంది.

భారత చట్టంలో తెలుగువారికి నేరుగా పనికొచ్చే వాక్యం ఒకటి ఉంది. సమ్మతి అడిగే చోట, ఏ వివరాలు తీసుకుంటున్నారు, ఎందుకు తీసుకుంటున్నారు అని చెప్పే నోటీసును రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలోనైనా చదువుకునే వీలు కల్పించాలి. ఆ షెడ్యూలులో తెలుగు ఉంది. చట్టం పూర్తిగా అమల్లోకి వచ్చాక యాప్‌లో "ఒప్పుకుంటున్నాను" అనే బటన్ నొక్కే ముందు, లాడ్జీ కౌంటరులో ఆధార్ వివరాలు కంప్యూటర్‌లోకి ఎక్కించే ముందు, ఆ నోటీసును తెలుగులో అడిగి చదువుకోవచ్చు.